షుగర్ ఫ్రీ క్యాండీలతో విరేచనాలు.. పటికబెల్లం మంచిదా?

ప్రశ్న: నా వయసు 56. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి షుగర్ ఫ్రీ క్యాండీలు పంపాడు. పంచదార లేదు కదా అని రోజూ భోజనం తర్వాత పదీ పన్నెండు చప్పరిస్తున్నాను. కొన్నాళ్లుగా కడుపుబ్బరం, విరేచనాలు. షుగరూ తగ్గలేదు. ప్యాకెట్ మీద మాల్టిటాల్, సుక్రలోజ్ అని ఉంది. వీటి బదులు పటికబెల్లం తినొచ్చా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

సలహా: మీరు చెప్పినదాన్ని బట్టి ముందు అనుమానించాల్సింది ఆ మాల్టిటాల్‌నే. అసలు అది క్యాండీలోకి ఎందుకు వచ్చిందో తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది.

పంచదార పాకాన్ని సుమారు 150 డిగ్రీల దాకా కాచి, నీరంతా ఇగిరిపోయాక గబగబా చల్లారిస్తే గాజులా బిగుసుకుంటుంది. గట్టి క్యాండీ అంటే అదే. మధ్యయుగాల యూరప్‌లో ఇలాంటి తీపి బిళ్లలను మందుల దుకాణాల వాళ్లే అమ్మేవారు. 1879లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త చేతికంటిన పదార్థం తియ్యగా తగలడంతో సాకరిన్ బయటపడింది. పంచదార లేని తీపి దొరికింది సరే, బిళ్ల కట్టేదెలా? మీ ప్యాకెట్‌లోని సుక్రలోజ్ పంచదారకన్నా దాదాపు 600 రెట్లు తీపి. ఒక క్యాండీకి నలుసంత చాలు. ఆ నలుసుతో బిళ్ల తయారవదు కాబట్టి మాల్టిటాల్, సార్బిటాల్, ఐసోమాల్ట్ లాంటి షుగర్ ఆల్కహాల్స్‌తో నింపుతారు. పేరు చూసి కంగారు పడకండి, మత్తెక్కదు.

వీటిని చిన్నపేగు పూర్తిగా పీల్చుకోలేదు. మిగిలింది పెద్దపేగులోకి చేరి నీటిని లాగుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. ఒకటీ రెండూ అయితే చాలామందికి ఏమీ కాదు. పది, పన్నెండంటే పేగు ఊరుకోదు. పైగా మాల్టిటాల్‌లో కొంత భాగం గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తుంది. గ్రాముకి రెండు కేలరీలకు పైనే ఉంటాయి, పంచదారలో నాలుగు. అంటే సగమైనా ఉన్నట్టే.

పటికబెల్లం మాటకొస్తే, వద్దు. పంచదార పాకాన్ని కదపకుండా నెమ్మదిగా చల్లారనిస్తే కట్టే స్ఫటికాలే అవి. చలవ చేస్తుందని ఇంట్లో పెద్దవాళ్లు ఎంత చెప్పినా, మీ గ్లూకోమీటర్‌కి అది పంచదారే.

రెండు వారాలు క్యాండీలు పూర్తిగా మానేసి చూడండి. అప్పటికీ విరేచనాలు తగ్గకపోయినా, ఈలోపు రక్తం పడినా, బరువు తగ్గినా డాక్టర్‌ను కలవండి. మెట్‌ఫార్మిన్‌తోనూ కొందరికి ఇలా అవుతుంది గానీ, మీ అంతట మీరు దాన్ని ఆపొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. గ్లిమిపిరైడ్ వాడేవాళ్లకు షుగర్ డౌన్ కావచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే జేబులోని ఈ క్యాండీ పనికిరాదు. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి గానీ, మూడు టీస్పూన్ల పంచదార గానీ నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించుకోండి. అప్పటికీ 70 దాటకపోతే మరోసారి అంతే తాగండి.