సమాధానం: ఒక్కరోజు వాకింగ్ తప్పితే ఇక మానేస్తున్నాను

ఇది బద్ధకం కాదండీ. 21 రోజులు ఆపకుండా నడిస్తే అలవాటైపోతుందని లెక్క పెట్టుకున్నారు కదా, ఆరో రోజు వానకి తప్పగానే "మళ్లీ ఒకటి నుంచా" అనిపించి వదిలేశారు.

ఆ లెక్క తీసేయండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధనలో అలవాటు పడటానికి సగటున 66 రోజులు పట్టింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా తేడా రాలేదు.

1. అలారాన్ని నమ్ముకోకండి, రోజూ చేసే పనికే నడకను ముడిపెట్టండి. పాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టగానే బూట్లు వేసుకోండి.

2. అందరూ మర్చిపోయేది ఇదే: తప్పిన మర్నాడు ఏం చేయాలో ముందే అనుకోవాలి. బాకీ తీర్చాలని రెండింతలు నడవకండి, పిక్కలు పట్టేసి ఆ తర్వాతి రోజూ పోతుంది. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేయండి. చెమట పట్టకపోయినా సరే, అది లెక్కే.

3. వానైతే వరండాలోనే పది నిమిషాలు.