పాత పాట ముక్క తీసుకునే ముందు: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పాట నిన్న రాత్రి నాలుగుసార్లు విన్నాను. రెండో చరణం ముందు ‘ప్లానెట్ రాక్’ అనే పాత హిప్-హాప్ పాటలోని ఆ సింథసైజర్ బాణీ రాగానే లేచి కూర్చున్నాను. అంత చక్కగా కుదిరింది. కానీ కింద నువ్వు రాసిన మాట చదివి నిద్ర పట్టలేదు. “ఇది శాంపిల్ కాదు మామయ్యా, కీబోర్డు మీద నేనే వాయించాను, కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా” అన్నావు.

అక్కర ఉంది నాయనా. పాత రికార్డు నుంచి శబ్దాన్ని నేరుగా ఎత్తి పెట్టుకుంటేనే శాంపిల్ అంటారు, నిజమే, కానీ అనుమతి దానికొక్కదానికే కాదు. ఆ పాట కథే నీకు జవాబు చెబుతుంది.

1982లో న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా, సోల్‌సోనిక్ ఫోర్స్ బృందం దాన్ని పాడారు. నిర్మాత ఆర్థర్ బేకర్, కీబోర్డు జాన్ రాబీ. వాళ్లూ అచ్చంగా నువ్వు చేసిన పనే చేశారు. జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వర్క్ బృందం 1977లో విడుదల చేసిన ‘ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్’ బాణీని, 1981 నాటి ‘నంబర్స్’ తాళాన్ని తీసుకున్నారు. టేపు ముక్క ఒక్కటి కూడా కత్తిరించలేదు. రోలాండ్ 808 డ్రమ్ మెషిన్ మీద, కీబోర్డు మీద కొత్తగా వాయించుకున్నారు. అయినా తరువాత క్రాఫ్ట్‌వర్క్‌తో ఒప్పందానికి వచ్చి డబ్బు చెల్లించక తప్పలేదు.

ఎందుకంటే ఒక పాటలో రెండు ఆస్తులు ఉంటాయి. రికార్డయిన శబ్దం ఒకటి, అది సాధారణంగా కంపెనీది. బాణీ, సాహిత్యం రెండోది, అవి రాసినవాళ్లవి, వాళ్ల తరఫున ఆ హక్కులు చూసుకునే పబ్లిషర్లవి. మళ్లీ వాయించడం వల్ల నువ్వు దాటింది మొదటి గడప మాత్రమే. పైగా నువ్వు ‘ప్లానెట్ రాక్’ది అనుకుంటున్న బాణీ అసలు క్రాఫ్ట్‌వర్క్‌ది. ఆ పాట విడుదల చేసిన టామీ బాయ్ కంపెనీ సరేనన్నా నీ పని పూర్తి కాదు. అందులో మధ్యమధ్య ఉరిమినట్టు వినిపించే వాద్యబృందం మోత ఉంది చూడు, అది ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ వాద్యంలో దాచి ఉంచిన శబ్దం. దాని మూలం స్ట్రావిన్‌స్కీ అనే స్వరకర్త ‘ఫైర్‌బర్డ్’ రికార్డింగు. ఒక పాట తవ్వితే అడుగున ఇంకో పాట తగులుతుంది. అందుకే ముక్క ఎక్కడిదో మొదటి ఊట దాకా వెతుక్కుంటూ వెళ్లాలి.

“చిన్న ముక్కే కదా” అనే ధైర్యం కూడా పెట్టుకోకు. అదే క్రాఫ్ట్‌వర్క్ వారి మరో పాటలోని రెండు సెకన్ల తాళాన్ని 1997లో ఒక జర్మన్ రాప్ పాటలో వాడారు. ఆ రెండు సెకన్ల మీద కోర్టుల్లో ఇరవై ఏళ్లకు పైగా వాదనలు నడిచాయి. చెవికి గుర్తు దొరకనంతగా మార్చితే తప్ప చిన్న ముక్కకైనా అనుమతి ఉండాలని 2019లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. మన చట్టంలో రికార్డింగు హక్కు 60 ఏళ్లు నడుస్తుంది. 1982 నాటిది ఇప్పట్లో తీరేది కాదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. మద్రాసులో ఒక చిన్న స్టూడియోలో పనిచేసే రోజుల్లో ఒక భక్తి క్యాసెట్‌కు పాత రికార్డు నుంచి నాలుగు సెకన్ల వయొలిన్ ఎత్తి పెట్టాము. అట్టలు అచ్చయ్యాక నోటీసు వచ్చింది. ఆ రాత్రి బ్లేడుతో మాస్టర్ టేపు కోసి అతికించింది నేనే. వయొలిన్ చివర గాయని ఊపిరి తీసుకున్న చప్పుడు ఉండేది. కోతలో అది కూడా పోయింది. ఇప్పటికీ ఆ చరణం వింటే ఆవిడ ఊపిరి పీల్చుకోకుండానే పాట అందుకున్నట్టు ఉంటుంది. ఆ తప్పు నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది.

కాబట్టి ముందు నీ పాటలో ఆ బాణీ ఏ సెకను నుంచి ఏ సెకను దాకా ఉందో, ఎన్నిసార్లు వస్తుందో కాగితం మీద రాసుకో. బాణీ రాసినవాళ్ల పేర్లు, పబ్లిషరు పేరు చూసి ఉత్తరం రాయి. ఎంత తీసుకున్నావో, ఎక్కడెక్కడ విడుదల చేస్తావో దాచకుండా చెప్పి, పాట కూడా జతచెయ్యి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. ఒప్పుకుంటే ముందుగా కొంత రొక్కంతో పాటు నీ పాట రచన హక్కులో వాటా కూడా అడగవచ్చు. అందుకు సిద్ధపడే అడుగు. రేపు ఎవరైనా శబ్దాన్నే నేరుగా ఎత్తి వాడదామంటే, రికార్డింగు ఎవరిదో వాళ్ల సంతకం కూడా వేరుగా తీసుకోవాలి.

ఇంకొక పని ఈ వారమే చెయ్యి. బేకర్, రాబీ ఎందుకైనా మంచిదని అదే తాళం మీద వేరే బాణీ ఒకటి వాయించి ఉంచుకున్నారు. ‘ప్లానెట్ రాక్’కు అది అవసరం పడలేదు. కానీ వృథా పోలేదు, అదే ఏడాది ప్లానెట్ పట్రోల్ బృందం ‘ప్లే ఎట్ యువర్ ఓన్ రిస్క్’ పాటలో వెలిగింది. నువ్వు కూడా ఆ చోటికి నీ సొంత బాణీ ఒకటి కట్టు. దాన్ని వేరే ట్రాక్‌లో ఉంచు, వాళ్లు అనుమతి కాదంటే నీ గొంతు మీద కత్తెర పడకుండా ముక్క మార్చుకోవచ్చు.

ఆ రెండో బాణీ కట్టాక రెండూ కలిపి పంపు. ఆదివారం ఉదయం ఖాళీగానే ఉంటాను, ఉత్తరం చిత్తుప్రతి ఫోనులో చదివి వినిపించు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

నీ మామయ్య