సిబిల్ స్కోరు 690, జీతం 80 వేలు: ముందు ఏ అప్పు తీర్చాలి?

హైదరాబాద్‌లో 60 లక్షల ఫ్లాట్ హోమ్ లోన్‌తో కొనాలి, చేతిలో 14 లక్షలు, నెలకు 12 వేల పర్సనల్ లోన్ ఈఎంఐ, పైగా క్రెడిట్ కార్డు బాకీ, ముందు ఏది తీర్చాలి అన్నారు కదండీ. సిబిల్ స్కోరు (అప్పులు ఎంత సరిగ్గా కడుతున్నారో చెప్పే మార్కు) గురించి టెన్షన్ తర్వాత, ముందు చేతి డబ్బు చూడండి. 30 నుంచి 75 లక్షల లోన్‌కి బ్యాంకు ఇచ్చేది ఫ్లాట్ విలువలో గరిష్ఠంగా 80 శాతం, అంటే మీకు 48 లక్షలు. మిగతా 12 లక్షలు మీవే. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే మరో నాలుగున్నర లక్షలు. బ్రోకర్లు దీన్ని చివర్లో గానీ చెప్పరు! కాబట్టి మీ చేతిలో ఇంకా రెండున్నర లక్షలు తక్కువ పడతాయి.

48 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 41,700. పాత ఈఎంఐ కలిస్తే జీతంలో మూడింట రెండు వంతులు, బ్యాంకు ఒప్పుకోవడం కష్టం. అందుకే నేనైతే కొనడం ఆరేడు నెలలు వాయిదా వేస్తాను. మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన కొంత మొత్తం) కట్టి ఊరుకోకుండా కార్డు బాకీ మొత్తం ముందు తీర్చండి, వడ్డీ ఎక్కువ దానికే. తర్వాత పర్సనల్ లోన్ క్లోజ్ చేసి ఎన్‌ఓసీ (ఇక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం) తీసుకోండి. డిస్కౌంట్ ఇస్తామన్నా సెటిల్‌మెంట్‌కి, అంటే బాకీలో కొంతే కట్టి లోన్ మూసేయడానికి మాత్రం ఒప్పుకోకండి, అది సిబిల్ రిపోర్టులో మచ్చలా కనిపిస్తుంది. ఆ రిపోర్టు ఏడాదికోసారి ఉచితం, ఈ వారమే తీసి చూడండి.