ఫంగస్ వెసికిల్స్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం మొత్తం చదివా, ఈ విషయమంటే నీకెంత ఇష్టమో ప్రతి పేరాలో తెలుస్తోంది, అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నా. ఫంగస్ వెసికిల్స్ (కణం బయటికి వదిలే, కొవ్వు పొర చుట్టిన అతి చిన్న సంచులు) వదిలి పంటల్ని పాడుచేస్తుందని మొదట్లోనే రాసేశావు. సరే, మరి అది ఎక్కడ చూశారు? పొలంలోనా, ఆకులోనా, ఫ్లాస్కులోనా? అది నువ్వెక్కడా చెప్పలేదు, నేను గట్టిగా అడిగేది అదొక్కటే.

ఎందుకంటే తెగులు ఫంగస్‌ల వెసికిల్స్ గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం లిక్విడ్ కల్చర్ నుంచి, అంటే ఫ్లాస్కులో పోషక ద్రవంలో ఫంగస్‌ని పెంచడం నుంచి వచ్చిందే. ఫంగస్‌ని పెంచి, వడగట్టి, ఆ ద్రవాన్ని అతి వేగంగా తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో లక్ష జీ దాకా, అంటే భూమి ఆకర్షణకి లక్ష రెట్ల బలంతో, తిప్పితే అడుగున చేరేదాంట్లో వెసికిల్స్ ఉంటాయి, కానీ వాటితోపాటు విడి ప్రొటీన్లు, ఇతర చెత్త కూడా దిగిపోతాయి. నువ్వు పెట్టిన ఫొటోలో వెసికిల్స్ కప్పుల్లా ఉన్నాయి కదా, వాటి అసలు ఆకారం అదేనని రాశావు. కాదు, శాంపిల్‌ని ఆరబెట్టడం వల్ల అలా కుంగిపోతాయి, ఆరబెట్టకుండా క్షణంలో గడ్డకట్టించి క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే గుండ్రంగానే ఉంటాయి. ఇలాంటి చిన్న వివరం ఒకటి చెప్పావనుకో, చదివేవాడికి ఆ ల్యాబ్‌లో నిలబడినట్టే ఉంటుంది.

పత్తికి వడలు తెగులు తెచ్చే ఫ్యుసేరియం అనే ఫంగస్ మీద 2020లో వచ్చిన పని గురించి ఒక్క లైన్‌తో సరిపెట్టావు, అక్కడ ఇంకాస్త ఆగాల్సింది. కల్చర్‌లో తీసిన వెసికిల్స్‌ని పత్తి ఆకులోకి ఎక్కిస్తే ఆ ఆకు దెబ్బతింది. అంటే వాటికి హాని చేసే శక్తి ఉందని తేలింది, అంతవరకు గట్టిగా రాయి. తెగులు సోకిన మొక్కలో ఫంగస్ అన్నే వదులుతుందా, అదే సరుకుతో వదులుతుందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని దీంతో కలిపేయకు.

మొక్కలకి బూడిద రంగు బూజు తెగులు తెచ్చే బాట్రైటిస్ అనే ఫంగస్ కథైతే ఇంకా బాగుంటుంది, దాన్నే వ్యాసానికి వెన్నెముకగా పెట్టుకో అంటాను. ఆ ఫంగస్ చిన్న ఆర్‌ఎన్‌ఏలు (జీన్ల పనిని ఆపగల చిన్న పోగులు) మొక్క కణంలోకి చేరి రక్షణ జీన్లని నోరు మూయిస్తున్నాయని 2013లోనే తేలింది, కానీ ఎలా చేరుతున్నాయో తెలీదు. వెసికిల్స్‌లో వెళ్తున్నాయని, మొక్క కణం వాటిని ఎండోసైటోసిస్‌తో, అంటే తన పొరని లోపలికి మడిచి చుట్టేసి, లోపలికి లాక్కుంటోందని 2023లో చూపించారు. నడిమధ్య ఆ పదేళ్ళ ప్రశ్నే పాఠకుణ్ణి చదివిస్తుంది. ఆర్‌ఎన్‌ఏ నిజంగా లోపలే ఉందా, బయట అంటుకుని ఉందా అని ఎలా తేలుస్తారో కూడా రాయి: ఆర్‌ఎన్‌ఏని కోసేసే ఎంజైమ్ వేస్తే మిగిలి ఉండాలి, ముందు డిటర్జెంట్‌తో పొర కరిగించి ఆ తర్వాత వేస్తే మాయమవ్వాలి. ఇంత తేలికైన పరీక్షని వదిలేసి నాలుగు పేరాలు విశేషణాలు రాశావేంటి!

అక్కడే ఒక చిక్కుంది, దాన్ని దాచకు. వెసికిల్స్ మీద ఉండే పీఎల్‌ఎస్1 అనే టెట్రాస్పానిన్ (పొరలో కూర్చునే ఒక రకం ప్రొటీన్) లేని బాట్రైటిస్, మొక్కకి ఆర్‌ఎన్‌ఏ తక్కువ పంపింది, తెగులు కూడా తక్కువ తెచ్చింది. కానీ ఫంగస్ ఆకులోకి చొచ్చుకెళ్ళడానికే ఆ ప్రొటీన్ కావాలని 2004 నుంచీ తెలుసు. కాబట్టి తెగులు తగ్గింది కదా అని మొత్తం వెసికిల్స్ ఖాతాలో వేయలేం. ఇది రాస్తే నీ వ్యాసం పలచనవుతుందని భయపడకు, తెలిసినవాళ్ళు నిన్ను నమ్మేది ఇక్కడే.

చివరి పేరా మాత్రం తీసెయ్, ఫంగస్ జీన్లని ఆపే ఆర్‌ఎన్‌ఏ స్ప్రే వస్తే రైతుల కష్టాలు తీరిపోతాయన్నది. దానికి బదులు స్ప్రే చేసిన ఆర్‌ఎన్‌ఏ ఆకు మీద ఎక్కువ రోజులు నిలవదని, అందుకే దాన్ని కొవ్వు పొరతో చేసిన కృత్రిమ వెసికిల్స్‌లో పెట్టి ప్రయత్నిస్తున్నారని రాయి. మార్చాక మళ్ళీ పంపు, ఈసారి ప్రతి ప్రయోగం పక్కన అది ఫ్లాస్కులో జరిగిందా మొక్కలో జరిగిందా అన్నది ఉందో లేదో ముందు అదే చూస్తాను.