ముగ్గు లేని గుమ్మం

(పోలీసు శాఖలో 31 ఏళ్ళు, అందులో ఎక్కువ కాలం క్రైమ్ విభాగంలో పనిచేసి రిటైరైన ఎస్సై గారి ప్రశ్నలు – జవాబుల శీర్షిక)

ప్రశ్న: విజయవాడ శివారులో ఒక కాలనీలో ఇల్లు చూసి 2 లక్షలు బయానా ఇచ్చాం. ఈ ఏడాది అక్కడ ఆరు దొంగతనాలు జరిగాయని ఇప్పుడు తెలిసింది. మావారు ‘దొంగల్లేని ఊరెక్కడుంది’ అంటారు. నాకు నిద్ర పట్టడం లేదు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తే ఇంట్లో మా అత్తయ్యగారు ఒక్కరే ఉంటారు. కాలనీ క్రైమ్ రేటు ఎంతో ఎలా తెలుస్తుందండీ? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కాలనీకి క్రైమ్ రేటంటూ ఉండదు. అది జాతీయ నేర రికార్డుల బ్యూరో వాళ్ళు రాష్ట్రాలకీ పెద్ద నగరాలకీ కట్టే లెక్క. లక్ష జనాభాకి ఎన్ని కేసులు నమోదయ్యాయని చూస్తారు. మీ కాలనీలో 400 గడపలు, 1600 మంది జనం అనుకుందాం. ఆరు దొంగతనాలంటే లక్షకి 375. వింటే గుండె జారుతుంది. తీరా చూస్తే అందులో మూడు మోటారు సైకిళ్ళు, ఒక సెల్‌ఫోను, కట్టే ఇంటి దగ్గర పోయిన ఇనుప చువ్వలు అయ్యుండొచ్చు.

పైగా ‘నమోదయ్యాయి’ అన్నమాటలోనే ఉంది మెలిక. నేను పనిచేసిన ఒక స్టేషన్లో ఓ పెద్దాయన ఉండేవారు. బండి పోయిందని ఎవరైనా వస్తే ‘నాలుగు రోజులు వెతుక్కోవయ్యా, దొరక్కపోతే రా’ అని పంపేసేవారు. ఆయనున్నన్నాళ్ళూ మా లెక్కలు ముత్యాల్లా ఉండేవి. తర్వాత వచ్చిన సీఐ గారు గడప తొక్కిన ప్రతి ఫిర్యాదుకీ ఎఫ్ఐఆర్ కట్టించారు. మూడు నెలలు తిరక్కుండానే మా ఏరియాకి చెడ్డపేరొచ్చింది. అవే వీధులు, అదే జనం, ఆ దొంగలే.

కాబట్టి ఆరు అన్న అంకెని వదిలేసి, ఆ ఆరూ ఏమిటో చూడండి. ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. లైంగిక నేరాల్లాంటివి మాత్రం పెట్టరు. రాష్ట్ర పోలీసు సైట్లో స్టేషన్ పేరు, తేదీలు ఇచ్చి వెతకండి. 303 సెక్షన్ ఒక్కటే ఉంటే మామూలు దొంగతనం. 305 అంటే ఇంట్లో దొంగతనం. పక్కనే 331 కూడా ఉంటే దొంగచాటుగానో తలుపు పగలగొట్టో లోపలికి చొరబడ్డారని. 304 అంటే లాక్కుపోవడం, గొలుసు దొంగతనాలు దీనికిందికే వస్తాయి. ఇవన్నీ 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని కొత్త నంబర్లు. అంతకుముందువైతే 379, 380, 457 అని పాతవి కనిపిస్తాయి. మీరు భయపడాల్సింది 304కి. అత్తయ్యగారు సాయంత్రం గుడికెళ్ళే మనిషైతే మరీనూ. ఆరూ తాళం వేసిన ఇళ్ళలో జరిగినవైతే, ఆవిడ ఇంట్లో ఉండటమే మీకు సగం కాపలా.

ఇక కాగితాలు చెప్పనివి ఇస్త్రీ బండతను చెబుతాడు. పొద్దున పదకొండింటికి వెళ్ళి రెండు చొక్కాలు ఇస్త్రీకిచ్చి కాసేపు నిలబడండి.

ఓ సంగతి చెబుతాను. సంక్రాంతి వెళ్ళాక ఒకణ్ణి పట్టుకున్నాం. మూడు రాత్రుల్లో ఐదిళ్ళు కొట్టాడు, ఐదూ ఖాళీ ఇళ్ళే. ఎలా కనిపెట్టావురా అంటే వాడు నవ్వి, ‘ధనుర్మాసంలో ముగ్గు లేని గుమ్మం ఎవరిదుంటుంది సార్?’ అన్నాడు. పొద్దున్నే సైకిలు మీద ఒక చుట్టు చుట్టేవాడట, అంతే. ఆ ఏడాది నుంచి మేం ఊరెళ్తే పక్కింటి అమ్మాయి మా వాకిట్లో కూడా ముగ్గేస్తుంది. నేను ఆత్రేయపురం పూతరేకులు తెచ్చిస్తాను.

అవే ఇళ్ళలో ఒకచోట తలుపుకి అలీగఢ్ తాళం, నా అరచేయంత ఉంది. దాని మీద గీత కూడా పడలేదు. గొళ్ళెం మాత్రం నాలుగు మేకులతో సహా ఊడి, తాళంతోపాటు వేలాడుతోంది. వెయ్యి పెట్టి తాళం కొన్నారు, గొళ్ళేనికి అరంగుళం మేకులు కొట్టించారు. ఇల్లు నచ్చితే కొనుక్కోండి. గృహప్రవేశానికి ముందు వడ్రంగిని పిలిచి, గొళ్ళేలకి తలుపు అవతలికి వచ్చే బోల్టులు వేయించండి. ఊరెళ్ళేటప్పుడు ఖాళీ ఇంట్లో పోలీసులే కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతి మన రాష్ట్రంలో ఉంది, దాని గురించి స్టేషన్లో అడగండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లో పదహారు కెమెరాలు పెట్టించాం. అయినా రెండు బైకులు పోయాయి, ఫుటేజీలో ఏమీ లేదు. – అసోసియేషన్ కార్యదర్శి, హైదరాబాద్

జవాబు: పదహారులో గేటు వైపు తిరిగినవి ఎన్ని బాబూ? నేను చూసిన అపార్ట్‌మెంట్లలో సగం కెమెరాలు ప్రెసిడెంటుగారి కారుకి కాపలా కాస్తుంటాయి. గేటు దగ్గర మనిషి ఎత్తుకి కాస్త పైన ఒకటి, లోపలికొచ్చే బండి నంబరు పడేలా ఒకటి సరిగ్గా పెట్టండి. రాత్రిపూట హెడ్‌లైటు వెలుగులో నంబరు తెల్లగా అలుక్కుపోతుంది, అది ఒకసారి చీకట్లో సరిచూసుకోండి. లెన్సుల మీద సాలెగూళ్ళు దులిపించండి. రికార్డయ్యే పెట్టె వాచ్‌మన్ గదిలో బల్లమీద ఉందా? దొంగ దాన్నే చంకన పెట్టుకుపోతాడు, నేనే రెండు కేసుల్లో చూశాను. చెడ్డీ గ్యాంగని వాట్సాప్‌లో వీడియోలు తిప్పుకునే ఓపికలో పావువంతు దీనిమీద పెడితే చాలు.

ప్రశ్న: రాజమండ్రిలో మా అమ్మ దగ్గరికి ఇద్దరు కుర్రాళ్ళొచ్చి బంగారానికి మెరుగు పెడతామన్నారట. గాజులు తేలికైపోయాయి. సిగ్గుతో ఎవరికీ చెప్పొద్దంటోంది. నేను బెంగళూరులో ఉంటాను. – ఒక కూతురు

జవాబు: ముందు ఇత్తడి చెంబు తోమి మెరిపిస్తారు, తర్వాత గాజులడుగుతారు. బంగారాన్ని కరిగించే ద్రావకంలో ముంచి, కరిగిందంతా ఆ నీళ్ళతోనే పట్టుకుపోతారు. కొందరు పసుపు నీళ్ళ డబ్బాలో వేసి, పొయ్యి మీద పెట్టి అరగంటాగి తీయమంటారు. గాజుల పాత బిల్లు వెతకండి, తూకం అందులో ఉంటుంది. ఇప్పుడు కంసాలి దగ్గర తూయించి రెండూ జతచేయండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం 173 సెక్షన్ చెబుతోంది. ఆన్‌లైన్లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి, కాబట్టి అమ్మగారిని తోడుంచుకుని రాజమండ్రిలోనే ఇవ్వడం సుఖం. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి.

అమ్మగారికి ఒక మాట చెప్పండి. మా స్టేషన్ పరిధిలో సరిగ్గా ఇలాగే గాజులు పోగొట్టుకున్నవాళ్ళలో ఒకావిడ మా ఇన్‌స్పెక్టరుగారి అత్తగారు. ఆయన మాకు చెప్పడానికి మూడు రోజులు పట్టింది.