సిల్ కోయనివ్వని క్లాసుకి డబ్బు కట్టకండి

హైదరాబాద్‌లో ఆఫీసు అయ్యాక వెళ్లేలా పాత కార్ల రిస్టోరేషన్ నేర్పే క్లాసు ఎలాంటిది ఎంచుకోవాలి, ఇంట్లో తాతగారి 1973 ఫియట్ ఉంది అని అడిగారు.

ఏ క్లాసుకైనా వెళ్లి ఒక్క ప్రశ్న వేయండి. డోర్ల కింద ఉండే సిల్ కోసి కొత్త రేకు అతికించే పని నేర్చుకునేవాళ్లతో చేయిస్తారా? "అది మా టింకర్ చూసుకుంటాడు, మీరు పాలిష్, పెయింట్ నేర్చుకోండి" అన్నారంటే అటునుంచి అటే వచ్చేయండి. కార్లు కడిగి మెరిపించే డీటెయిలింగ్ షాపు బోర్డు మార్చిందంతే.

ఇంజిన్ గురించి బెంగ అక్కర్లేదు. ఆ 1089 సీసీ ఇంజిన్ చేతికి అందేంత సులువుగా ఉంటుంది, విడిభాగాల కోసం పుత్లీబౌలిలో తిరగొచ్చు. ఫియట్‌ని చంపేది తుప్పు. దానికి అడుగున వేరే ఛాసిస్, అంటే బరువు మోసే ఫ్రేము, లేదు, బాడీయే ఛాసిస్. సిల్ పోతే కారు నడుం పోయినట్టే.

అసలు పని ఇది. కారుని చదునైన నేల మీద, బరువు సస్పెన్షన్ మీదే ఉండేలా నిలబెట్టాలి. సిల్ కింద జాకీ పెట్టారో, ఉన్నది కాస్తా నలుగుతుంది. బ్యాటరీ వైరు తీసేయాలి, మ్యాట్లు, సీట్లు బయటపెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ పోతే గట్టి రేకు ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. అప్పడంలా విరిగిందంతా పోవాల్సిందే. కోయకముందే డోర్ తీసి, డోర్‌కి ముందున్న పిల్లరు (రూఫ్‌ని మోసే నిలువు స్తంభం) నుంచి మధ్య పిల్లరుకి 25 మి.మీ. చదరపు పైపు అడ్డంగా వెల్డ్ చేయాలి. ఇది ఎగ్గొడితే కారు మధ్యలో కుంగుతుంది, తర్వాత ఏం చేసినా డోర్ పడదు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కోయాలి.

రేకు 1 మి.మీ. సరిపోతుంది. ముందు లోపలి సిల్, తర్వాత బయటిది. పూర్తిగా వెల్డ్ చేసేలోపు డోర్ బిగించి మూసి, సందు సమంగా ఉందో లేదో చూసుకోవాలి. మిగ్ వెల్డింగ్‌లో (గన్‌లోంచి వచ్చే తీగని కరిగించి అతికించే పద్ధతి) ఒకే గీతగా లాగితే రేకు వంకర తిరుగుతుంది. ఈ చివర ఒక టాకా, ఆ చివర ఒక టాకా, మధ్యలో చల్లారనివ్వడం. ఓపిక లేనివాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

మన షెడ్లలో ఇంకో అలవాటుంది. సిల్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. వాటిని కూడా శుభ్రంగా వెల్డ్ చేసి మూసేస్తారు! నీళ్లు లోపలే నిలిచి, తుప్పు కొత్త రేకుని లోపలి నుంచి తినేస్తుంది. పైన బొటనవేలు మందాన పుట్టీ ఉంటుంది కాబట్టి అది పెచ్చులుగా ఊడేదాకా ఎవరికీ తెలియదు. పాత కారు కొనేవాళ్లు గుడ్డ చుట్టిన అయస్కాంతం జేబులో పెట్టుకు వెళ్లేది అందుకే, మందంగా పుట్టీ ఉన్నచోట అది అతుక్కోదు.

సాయంత్రం క్లాసుకి ఉన్న ఇబ్బంది కూడా ఇక్కడే. చేతిలో ఉండేది రెండు గంటలు. నున్నగా రుద్దిన రేకుని వానాకాలంలో అలాగే వదిలేసి ఇంటికెళ్తే మర్నాటికి ఎర్రగా మారుతుంది. కాబట్టి ఆ రాత్రి ప్రైమర్ (పెయింట్ కింద వేసే తొలి పూత) కొట్టగలిగినంత మేరే రుద్దాలి. వెల్డ్ పడే అంచులకి జింక్ ప్రైమర్. పుట్టీ పెట్టినా అంతే, తేమ పీలుస్తుంది. ప్రైమర్ లేకుండా రోజుల తరబడి వదిలేస్తే పెయింట్ అయ్యాక బుడగలు వస్తాయి. ఈ లెక్క మొదటి వారంలోనే చెప్పే మాస్టారు దొరికితే షెడ్డు ఎంత చిన్నదైనా చేరిపోండి. దొరక్కపోతే విడిగా వెల్డింగ్ ఒక్కటి నేర్చుకోండి, మిగతాది ఫియట్టే నేర్పుతుంది.

ఎవరైనా "డీజిల్ ఇంజిన్ వేద్దాం సార్" అంటే మాత్రం ఒప్పుకోకండి. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం 'వీఏ' అక్షరాలుండే వింటేజ్ నంబరు తీసుకోవచ్చు, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఇంజిన్, బాడీ స్వరూపం మార్చిన బండికి అది రాదు. ఆ నంబరు తీసుకున్నాక రోజూ ఆఫీసుకి తోలడం కూడా కుదరదు, అది ముందే ఇంట్లో చెప్పుకోండి.