నెదర్లాండ్స్‌లో ఇంట్లోనే కాన్పు: ఇల్లు ఎలా సర్దుకోవాలి?

"అక్కా, మొదటి అపాయింట్‌మెంట్‌లోనే ఇక్కడి మంత్రసాని 'ఇంట్లో కంటారా, హాస్పిటల్లోనా' అని మామూలుగా అడిగేసింది. నాకు నోట మాట రాలేదు." ఐండ్‌హోవెన్ ఊరికి వచ్చి ఏడాది నిండని ఒక చెల్లెలు మొన్న ఫోన్‌లో అన్న మాట ఇది. పన్నెండేళ్ల కింద నేనూ అలాగే బిత్తరపోయాను. మన దగ్గర ఇంట్లో పురుడు అమ్మమ్మలతోనే పోయింది. ఇక్కడ అది ఇంకా నడుస్తున్న పద్ధతి.

ఇబ్బందులేమీ లేని గర్భిణిని ఇక్కడ గైనకాలజిస్టు చూడరు, వెర్లోస్‌కుండిఖ చూస్తుంది. మంత్రసాని అనుకోండి, కాకపోతే నాలుగేళ్లు కాలేజీలో చదివి లైసెన్సు తీసుకున్న మంత్రసాని. ఆమె సరేనంటేనే ఇంటి కాన్పు. బీపీ, మందులు కావాల్సిన షుగర్, కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ, ముందు సిజేరియన్, వీటిలో ఏది ఉన్నా హాస్పిటలే. అక్కడ బతిమాలొద్దు. నెలలు నిండకముందు, అంటే 37 వారాల లోపు నొప్పులొచ్చినా హాస్పిటలే. నొప్పి తెలియకుండా ఎపిడ్యూరల్ కావాలనిపిస్తే అదీ ఇంట్లో ఇవ్వరు.

37వ వారానికి అన్నీ సిద్ధంగా ఉండాలి. మొదట మంచం. నేల నుంచి పరుపు పైభాగం దాకా 70, 80 సెంటీమీటర్లు ఉండాలంటారు. లేకపోతే కాన్పు చేసేవాళ్ల నడుము విరిగిపోతుంది. మా మంచం టేపు పెట్టి కొలిస్తే 45. కాళ్ల కింద పెట్టే దిమ్మలను, బెడ్ పాన్‌ను వైద్య పరికరాల దుకాణాల్లో అద్దెకిస్తారు. రెండు వైపుల నుంచీ మనిషి వచ్చేలా మంచాన్ని గోడకు ఎడంగా జరపండి. ఎక్కడానికి గట్టి పీట ఒకటి వేసుకోండి, ఆ బరువుతో అంత ఎత్తు ఎక్కడం కష్టం.

పత్తి, పలచని కట్టు గుడ్డ (గాజ్), కిందేసే పీల్చుడు షీట్లు, పెద్ద ప్యాడ్లు, బొడ్డు క్లిప్పు క్రామ్‌పకెట్ అనే పెట్టెలో వస్తాయి. చాలా ఇన్సూరెన్సులు ఇంటికే పంపుతాయి, మీ పాలసీలో ఉందో లేదో చూసుకోండి. పెట్టె రాగానే అటక మీద పెట్టేయకుండా విప్పి చూడండి. దానికి తోడు పరుపు మీదికి ప్లాస్టిక్ షీటు, పాత తువ్వాళ్లు, రెండు బకెట్లు, చెత్త సంచులు, డిజిటల్ థర్మామీటరు, కుట్లు వేయాల్సి వస్తే పనికొచ్చే మంచి దీపం ఉంచుకోండి. గుండె చప్పుడు వినే డాప్లర్, ఆక్సిజన్, రక్తస్రావం ఆపే ఇంజెక్షన్ మంత్రసానే తెచ్చుకుంటుంది.

వేడినీళ్ల సీసాల గురించి కాస్త ఆగి చెప్తాను. బిడ్డ పక్క వెచ్చబెట్టడానికి క్రౌక్ అనే లోహపు సీసాలు రెండు తెమ్మంటారు. మేం ఎవరో వాడినవి తెచ్చుకున్నాం. ముందురోజు మా ఆయన మరిగే నీళ్లు పోసి వంటగది గట్టు మీద తలకిందులుగా నిలబెడితే ఒకదాని మూత చుట్టూ బొట్లు కట్టాయి. లోపలి రబ్బరు రింగు ఎండిపోయింది. ఆ నీళ్లు ఉయ్యాల్లో కారి ఉంటే? మీరూ తప్పకుండా అలా నిలబెట్టి చూడండి. పక్కలో పెట్టినప్పుడు బిడ్డకు కనీసం 10 సెంటీమీటర్ల ఎడం ఉండాలి.

ఇక మెట్లు. ఇక్కడి ఇళ్లలో మెట్లు నిచ్చెనలాగా నిటారుగా ఉంటాయి. మా పెద్దవాడి కాన్పు ఇంట్లోనే మొదలైంది, ఉమ్మనీరు ఆకుపచ్చగా కనిపించగానే హాస్పిటల్‌కి పదమన్నారు. మెట్ల కింద కొత్త ప్రామ్, చెప్పుల స్టాండు అడ్డం. నొప్పికీ నొప్పికీ మధ్య నేను రెయిలింగ్ పట్టుకుని నిలబడితే ఆయన అవన్నీ బయటికి లాగారు. బిడ్డ క్షేమంగానే పుట్టాడు, కానీ ఆ రెండు నిమిషాలు నాకింకా గుర్తే. తొలి కాన్పులో ఇలా మధ్యలో హాస్పిటల్‌కి మార్చడం చాలామందికి జరుగుతుంది. ఎక్కువగా నొప్పులు సాగకనో, మత్తు కావాలనో. కాబట్టి హాస్పిటల్ సంచి, పాస్‌పోర్టు, ఇన్సూరెన్సు కార్డు, బిడ్డ కారు సీటు తలుపు దగ్గరే ఉంచండి. దారి ఖాళీగా ఉంచండి. రక్తం పోతున్నా, బిడ్డ కదలిక తగ్గినా ఎంత రాత్రైనా మొహమాటపడకుండా ఫోన్ చేయండి.

కాన్పయ్యాక వారం పైగా రోజూ ఇంటికొచ్చి బాలింతనీ బిడ్డనీ చూసుకునే మనిషి ఉంటుంది. ఈ సేవను క్రామ్‌జోర్ఖ్ అంటారు. మొత్తం 24 నుంచి 80 గంటల దాకా ఇస్తారు, గంటకు కొంత మనం కట్టాలి. కడుపుతో ఉన్న మూడో నెలలోనే దీనికి పేరు నమోదు చేసుకోండి, ఆలస్యమైతే మనుషులు దొరకరు. అమ్మ వస్తుంటే వీసా 90 రోజులే, 37వ వారం దగ్గర దిగేలా టికెట్ తీయండి. ఆవాల దిండు, సాంబ్రాణి పొగ చూసి ఆ మనిషి వద్దంటుంది. బిడ్డను దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టాలన్న మాట నిజంగా ప్రాణం కాపాడేదే, అమ్మకు ముందే నచ్చచెప్పండి. మన పథ్యం మాత్రం ఎవరూ కాదనరు. ఇక్కడివాళ్లు కూడా బాలింత ఇంటికొచ్చినవాళ్లకు రస్కు మీద వెన్న రాసి, చక్కెర పూత వేసిన సోంపు చల్లి పెడతారు. పాలు పడతాయని నమ్మకం. మా అమ్మ అది చూసి ఎంత మురిసిపోయిందో.

ఒక్క విషయం చాలామంది మరిచిపోతారు. పుట్టిన మూడు రోజుల్లోపు మున్సిపాలిటీలో బిడ్డ పేరుతో సహా నమోదు చేయాలి. బారసాల దాకా ఆగుతామంటే కుదరదు. నక్షత్రం చూసి అక్షరం చెప్పే పెద్దలుంటే, ఏ అక్షరానికి ఏ పేరో ముందే రాసుకుని ఆ కాగితాన్ని హాస్పిటల్ సంచిలో పెట్టుకోండి.